పదకొండో కాలమ్

ఏజెంట్ సెవెన్టీన్ అద్దం ముందు నిలబడి నకిలీ మీసం అతికించుకుంటుండగా పెద్దాయన లోపలికి వచ్చాడు. వచ్చినవాడు కూర్చోలేదు. డిపార్ట్‌మెంట్ చీఫ్ కూర్చోకుండా మాట మొదలుపెట్టాడంటే ఎక్కడో కొంప మునిగిందని అర్థం.

"మీ బావమరిది బతికే ఉన్నాడు."

మీసం ఒక పక్కకి జారిపోయింది. సెవెన్టీన్ దాన్ని సరిచేసుకోలేదు.

"ఎక్కడ సార్?"

"రేవులో. ఒక కంటెయినర్ లోపల. ఏ కంటెయినరో తెలీదు. నాలుగు వందల పన్నెండు ఉన్నాయక్కడ. మధ్యాహ్నం పన్నెండింటికి ఓడ బయల్దేరుతుంది."

గోడ గడియారంలో తొమ్మిదింబావు.

ఆ బావమరిదిని ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరూ బుల్లోడనే పిలిచేవారు. పిలుపే బుల్లి. మనిషి ఆరడుగుల రెండంగుళాలు, ఏ గుమ్మం దాటాలన్నా తల వంచాల్సిందే. డిపార్ట్‌మెంట్‌లో కోడ్ క్లర్కు. పరాయి దేశాల్లో మారుపేర్లతో బతుకుతున్న ముప్ఫై ఒక్కమంది ఏజెంట్ల అసలు పేర్లు ఏ కాగితం మీదా లేవు, బుల్లోడి బుర్రలో ఉన్నాయి. ఎనిమిది నెలల క్రితం ఒక కోడ్ పుస్తకం గుర్తుపట్టడానికని అతన్ని వెంటబెట్టుకుని సెవెన్టీన్ శత్రువుల గోదాములోకి దూరాడు. బయటికి మాత్రం ఒక్కడే వచ్చాడు. ఆ రోజు నుంచి అందరూ బుల్లోడు పోయాడనే అనుకుంటున్నారు.

"ఓడని ఆపించలేమా సార్?"

"విదేశీ జెండా. ఫలానా నంబరని రాసిచ్చి ఒక్క కంటెయినర్ తెరిపించొచ్చు. ఒక్కటే. గుడ్డిగా అడిగితే కెప్టెన్ నవ్వి పంపించేస్తాడు."

"ఆపకపోతే?"

పెద్దాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఓడ అడుగున మన ఈతగాడు బాంబు పెట్టొచ్చాడు. పన్నెండు దాటి ఓడ కదిలిందో, బటన్ నేనే నొక్కుతాను. ఆ పేర్లు సముద్రం దాటకూడదు."

"ఓడలో ఇరవై మంది నావికులుంటారు సార్."

"తెలుసు. నాకు లెక్కలు చెప్పకు."

సెవెన్టీన్ మళ్ళీ గడియారం కేసి చూశాడు. బల్ల అంచు పట్టుకున్నాడు. ఒకసారి బుల్లోణ్ణి చంపుకున్నాననే ఎనిమిది నెలలుగా ఏడుస్తున్నాడు లోలోపల. ఇప్పుడు మళ్ళీ చంపుకోవాలా?

బ్రీఫింగ్ మూడు నిమిషాల్లో అయిపోయింది. బుల్లోణ్ణి పట్టుకున్న ముఠాలో డిపార్ట్‌మెంట్‌కి ఒక మనిషి ఉంది. రెండు పడవల మీద కాళ్ళు పెట్టిన మనిషి. పైకి స్పానిష్ టీచర్. బుల్లోడి కబురు చీటీలో పంపింది ఆమే, కంటెయినర్ నంబరు మాత్రం ఎదురుగా వచ్చినవాడికే చెబుతానంది. ముఠా వాళ్ళు ఆమెని క్లాసులో తప్ప ఎక్కడా ఒంటరిగా వదలరు, ఫోన్ దగ్గరికి పోనివ్వరు. పదింటికి క్లాసు. సెవెన్టీన్ ఆ క్లాసులో కొత్త స్టూడెంట్. నీలం గొడుగు డెస్కుకి తగిలించి "ఇది మా మేనమామ గొడుగు" అనాలి. అదీ కోడ్ వర్డ్.

"స్పానిష్ గుర్తుందా?"

"మూడేళ్ళు ఆ భాషలోనే అబద్ధాలాడాను సార్."

గాడ్జెట్లు తయారుచేసే మేస్త్రి ఒక రబ్బరు పొట్ట పట్టుకొచ్చి అతనికి తొడిగాడు. ఆ పొట్టలో ఉంది సరుకంతా. ముందు ట్రాన్స్‌మిటర్, మధ్యలో టియర్ గ్యాస్ తిత్తి, వెనకాల ఉక్కు రేకు. చెవికి చెవుడు మెషిన్. అవతలివాళ్ళ మాట అందులో వినిపిస్తుంది, ఇక్కడి మాట అక్కడికి పోతుంది.

"పొట్ట జాగ్రత్త బాబూ. గుండుసూది గుచ్చుకున్నా చాలు, చుట్టుపక్కల వాళ్ళంతా పెళ్ళికూతురు తరపు వాళ్ళలా ఏడవాలి," అన్నాడు మేస్త్రి.

"కంట్రోల్ వ్యాన్ రేవు గేటు దగ్గరుంటుంది," అన్నాడు పెద్దాయన. "నేను మైకు దగ్గర. క్లాసులో ప్రతి మాటా టైపవుతుంది."

"టైపిస్టు ఎవరు సార్?"

"ఈ రహస్యాలు వినే క్లియరెన్స్ ఇంకెవరికి ఉంది? మీ ఆవిడే."

సెవెన్టీన్ జారిన మీసం తిరిగి అతికించుకున్నాడు.

ఇక్కడ ఆ ఫారం సంగతి చెప్పుకోవాలి. ఆపరేషన్ అయిపోయి వచ్చిన ప్రతి ఏజెంటూ జరిగిందంతా రాసే డిబ్రీఫ్ ఫారం నింపాలి. అందులో పదో కాలమ్, 'తీసుకున్న నిర్ణయం'. పదకొండో కాలమ్, 'నిర్ణయం తీసుకునే సమయంలో చేస్తున్న పని'. ఫారం అడుగున చిన్నచిన్న అక్షరాల్లో ఒక రూలు: కన్నీళ్ళతో తీసుకున్న నిర్ణయం చెల్లదు, అలాంటి ఉద్యోగిని ఫీల్డ్ నుంచి తొలగించవలెను. ఎవడు రాశాడో గానీ ఏనాడూ ఎవరినీ పోగొట్టుకున్నవాడు కాదు.

ఆ గోదాము రోజు గురించి సెవెన్టీన్ పదో కాలమ్‌లో 'ఇనప తలుపు బయటి నుంచి గడియ వేశాను' అని రాశాడు. అది నిజం. పదకొండో కాలమ్‌లో 'శత్రువులపై కాల్పులు జరుపుతూ' అని రాశాడు. అది పచ్చి అబద్ధం. ఆ రోజు అతని తుపాకీలోంచి ఒక్క గుండు కూడా బయటికి రాలేదు.

ఆ రిపోర్టు టైప్ చేసింది అతని భార్యే. టైప్ చేసి, కాగితం మెషిన్‌లోంచి లాగి, మొగుడి మొహం కేసి చూసింది. "మా తమ్ముడి మొహం మీద తలుపు వేస్తూ కూడా గురి చూసి కాల్చగలిగారన్నమాట. గట్టి గుండే మీది," అంది. అంతే. ఆ తర్వాత ఎనిమిది నెలలూ ఆ ఇంట్లో 'భోజనం పెట్టాను', 'కరెంటు పోయింది' తప్ప ఇంకో మాట లేదు.

భాషల స్కూలు ఒక టైర్ల షాపు మీద మొదటి అంతస్తులో ఉంది. మెట్లంతా రబ్బరు వాసన. క్లాసులో ఎనిమిది డెస్కులు, ఒక బ్లాక్‌బోర్డు, గాలి తగ్గి చప్పుడు పెరిగిన ఫ్యాను.

టీచర్‌ని చూడగానే సెవెన్టీన్‌కి ఆ ముఠా ఆమెని ఎందుకు నమ్మిందో అర్థమైంది. అంత అందం అబద్ధమాడుతుందని అనుకోబుద్ధి కాదు. ముదురాకుపచ్చ గౌను, చెవులకి ముత్యాలు, చేతిలో ఎర్ర పెన్సిల్. కళ్ళ కింద మాత్రం నిద్ర లేని నలుపు పౌడర్ దాటి కనిపిస్తోంది.

సెవెన్టీన్ గొడుగు తగిలించబోతుండగా ముందు డెస్కులోని చారల కోటు మనిషి లేచాడు. తన నీలం గొడుగు డెస్కుకి తగిలించాడు.

"ఇది మా మేనమామ గొడుగు," అన్నాడు నవ్వుతూ.

సెవెన్టీన్ చెయ్యి గొడుగు మీదే ఆగింది. కోడ్ వర్డ్ అమ్ముడుపోయింది! ఆఫీసులో ఎవడో వెధవ అమ్ముకున్నాడు. కోడ్ వర్డే పోయిందంటే ఫైళ్ళు మిగిలి ఉంటాయా? ఆ చారల కోటు ముఠా మనిషి. డిపార్ట్‌మెంట్ మనిషిలా నటించి, ఆమె నోట నంబరు చెప్పించి, ద్రోహి అని తేల్చుకుని అక్కడే లేపేస్తాడు.

ఇప్పుడేం చెయ్యాలి? అనకపోతే తనెవరో ఆమెకి తెలీదు. తెగించి తన గొడుగు తగిలించాడు.

"చిత్రం! ఇది కూడా మా మేనమామ గొడుగే."

క్లాసంతా నవ్వింది. టీచర్ కూడా నవ్వింది. పెన్సిల్ పట్టుకున్న వేళ్ళు మాత్రం తెల్లబడ్డాయి.

"మేనమామలు మంచివాళ్ళు. కూర్చోండి ఇద్దరూ," అంది.

చెవిలో పెద్దాయన గొంతు గరగరలాడింది. "ఏం జరుగుతోందక్కడ?" ఆ గొంతు వెనకాల టైప్‌రైటర్ టకటక. ఆ టకటక సెవెన్టీన్‌కి పదిహేనేళ్ళుగా తెలుసు.

టీచర్ గంటకి పైగా మామూలు పాఠమే చెప్పింది. క్రియలు, సంఖ్యలు, చదివించడాలు. గడియారం ముల్లు కదిలినప్పుడల్లా సెవెన్టీన్‌కి ప్రాణం పోయి వస్తోంది. పదకొండూ ఇరవైకి ఆమె బోర్డు తుడిచి, సుద్దముక్కతో ఒక్క మాట రాసింది: దెసిదీ.

"అంటే, నిర్ణయించుకున్నాను. అయిపోయిన పని. ఇప్పుడు దీని పక్కన నడుస్తున్న పని ఇంకోటి పెడదాం. నడుస్తూ, తింటూ, నవ్వుతూ. ఆ 'తూ'కి స్పానిష్‌లో ఆందో, యెందో. మీ జీవితంలో ఒక నిర్ణయం చెప్పండి. అది ఏం చేస్తూ తీసుకున్నారో కూడా చెప్పండి. ముందు స్పానిష్‌లో, తర్వాత మన భాషలో. అబద్ధాలొద్దు. నిర్ణయం ఒక్కటే చెబితే అందరూ గొప్పవాళ్ళే. పక్కన ఏం చేస్తున్నామో చెప్పినప్పుడే మనిషి బయటపడతాడు."

పదో కాలమ్, పదకొండో కాలమ్! సెవెన్టీన్‌కి అచ్చం ఆ ఫారమే బోర్డు మీద కనిపించింది.

మొదట నర్సు లేచింది. "దెసిదీ నో కసార్మె, పెలాందో పాపాస్. బంగాళాదుంపలు చెక్కు తీస్తూ పెళ్ళి వద్దనుకున్నానండి."

"అదేం?"

"బస్తాలో సగం అయ్యాక చూసుకున్నాను మేడమ్. ఆయన కూర్చుని పేపర్ చదువుతున్నాడు."

తర్వాత రిటైర్డ్ జడ్జి గొంతు సవరించుకున్నాడు. "దెసిదీ... దుర్మియెందో."

"మన భాషలో?"

"నిద్రపోతూ నిర్ణయించాను. ముప్ఫై ఏళ్ళ సర్వీసమ్మా. అన్నీ కాదులే, కొన్ని."

క్లాసు గొల్లుమంది. టీచర్ నవ్వాపి చారల కోటు వైపు తిరిగింది. చాలా మామూలుగా అడిగింది.

"మీరు ఎప్పుడైనా ఒక తలుపు వేశారా? ఒక పెద్ద ఇనప తలుపు?"

సెవెన్టీన్ తలెత్తాడు. ఆ తలుపు సంగతి ఆమెకి ఎలా తెలుసు? బుల్లోడు చెప్పి ఉండాలి. బుల్లోడు తప్ప చెప్పేవాడు లేడు.

చారల కోటు తడుముకోలేదు. ఫైలు చదివిన మనిషి కదా. "సెర్రే లా ప్వేర్తా దిస్పరాందో. తుపాకీ కాలుస్తూ తలుపు వేశాను," అన్నాడు ధీమాగా.

తను ఎనిమిది నెలల క్రితం రాసిన అబద్ధం పరాయివాడి నోట్లోంచి వినబడేసరికి సెవెన్టీన్‌కి తల దించుకోవాలనిపించింది.

"బాగుంది," అంది టీచర్. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. సెవెన్టీన్ వైపు తిరిగింది. "మీరు?"

పదకొండూ ముప్ఫై ఒకటి.

"రిపోర్టులో ఉన్నదే చెప్పు," అంది చెవిలోని గొంతు. "అక్షరం తేడా రాకూడదు. ఆమె ఫైలుతోనే పోల్చుకుంటుంది."

టైప్‌రైటర్ టకటకలాడుతూనే ఉంది.

ఫైలులో ఉన్నది పెద్దాయనకి తెలుసు. తలుపు దగ్గర జరిగింది ఇద్దరికే తెలుసు. ఆ తలుపుకి జానెడు కిటికీ ఉంది, కమ్మీలున్న కిటికీ. బుల్లోడు అవతలి వైపు ఇరవై అడుగుల దూరంలో కాలికి దెబ్బ తగిలి కూలబడ్డాడు. 'వేసెయ్ బావా, నువ్వు పో!' అని అరిచాడు. సెవెన్టీన్ కోటులో కోడ్ పుస్తకం ఉంది. వరండా చివర బూట్ల చప్పుడు వినిపిస్తోంది. గడియ వేశాడు. వేసి, ఆ కమ్మీల్లోంచి చూశాడు. బుల్లోడు కూడా చూశాడు.

నిజం చెబితే ఉద్యోగం పోతుంది. పోతే పోయింది. కానీ భార్య వింటోంది. ఇన్నాళ్ళూ తనని కనీసం గట్టివాడనైనా అనుకుంది. కాల్పులు లేవు, ఏమీ లేవు, గడియ వేసి వచ్చేశాడని తెలిస్తే ఆ కాస్త కూడా మిగలదు. నిజం చెప్పకపోతే పన్నెండింటికి బుల్లోడు నీళ్ళ అడుగున ఉంటాడు.

సెవెన్టీన్ లేచి నిలబడ్డాడు. ఉక్కు రేకు వల్ల సరిగ్గా నిలబడటం కూడా రాలేదు.

"సెర్రే లా ప్వేర్తా..." బోర్డు కేసి చూశాడు. "సెర్రే లా ప్వేర్తా యోరాందో."

"మన భాషలో," అంది టీచర్ మెల్లగా.

"ఏడుస్తూ వేశాను. చిన్నపిల్లాడిలా ఏడుస్తూ తలుపు వేశాను. తుపాకీ బయటికి కూడా తియ్యలేదు. వేశాక పది అడుగులు పోయి, మళ్ళీ వెనక్కొచ్చి, గడియ మీద చెయ్యి పెట్టి, తియ్యలేక ఏడ్చాను."

చెవిలో టైప్‌రైటర్ ఆగిపోయింది.

"మూర్ఖుడా!" అన్నాడు పెద్దాయన.

చారల కోటు వెక్కిరింపుగా నవ్వుకున్నాడు. అసలువాడే పాఠం తప్పు చెప్పాడని సంబరం.

టీచర్ అందరి నోటు పుస్తకాలూ దిద్దడం మొదలుపెట్టింది, ఆమె రోజూ చేసే పనే. నర్సు పుస్తకంలో రెండు గీతలు. జడ్జి పుస్తకంలో ఒక ప్రశ్నార్థకం. చారల కోటు పుస్తకంలో 'పదికి పది' అని వేసి ఎర్ర టిక్కు పెట్టింది. సెవెన్టీన్ డెస్కు దగ్గర వంగి మార్జిన్‌లో నాలుగు అంకెలు రాసింది: 4172.

చారల కోటు తన పదికి పది చూసుకున్నాడు. నంబరు లేదు. తలెత్తి చూస్తే ఆమె ఇంకా ఆ డెస్కు దగ్గరే ఉంది. సంగతి తలకెక్కింది. గొడుగు లాగి మొన సెవెన్టీన్ వైపు తిప్పాడు.

"నాలుగు, ఒకటి..." అని సెవెన్టీన్ చెవుడు మెషిన్‌లోకి అంటుండగానే గొడుగు పేలింది.

గుండు వచ్చి రబ్బరు పొట్టలో దిగింది. ట్రాన్స్‌మిటర్ ముక్కలైంది, ఉక్కు రేకు టంగుమంది, టియర్ గ్యాస్ బుస్సుమని గదంతా కమ్మేసింది. నర్సు, జడ్జి, చారల కోటు, అందరూ భోరుమన్నారు. కళ్ళు కనబడక చారల కోటు బ్లాక్‌బోర్డుకి గుద్దుకున్నాడు. జడ్జిగారు ఏడుస్తూనే మూల ఉన్న గ్లోబు తీసి వాడి నెత్తిన ఒక్కటి వేశాడు. ఈసారి మాత్రం మెలకువగా ఉండే తీర్పిచ్చాడు.

చెవిలో ఏ చప్పుడూ లేదు. స్కూలు ఫోన్ తీగ తెగ్గోసి ఉంది. పదకొండూ ముప్ఫై ఎనిమిది. సెవెన్టీన్, టీచర్ ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని మెట్లు దిగారు. కింద ముఠా కారు డ్రైవర్ ఏడుస్తూ దిగొచ్చిన ఇద్దర్నీ చూసి "ఎవరు పోయారండీ?" అంటూ డోర్ తీసుకుని దిగాడు. టీచర్ చేతి సంచితో వాడి దవడ వాయించి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"ఆరు రోజులు అతనికి భోజనం నేనే పట్టికెళ్ళాను," అంది కారు మలుపు తిప్పుతూ. "కోడ్ వర్డ్‌లు అమ్ముడుపోతాయండీ, వచ్చినవాణ్ణి తలుపు వేసేటప్పుడు ఏం చేస్తున్నావని అడగండి అన్నాడు. ఏడ్చానంటే మా బావ, ఇంకేం చెప్పినా కాదన్నాడు."

"నేను కూడా ఇంకేదో చెబితే?"

"మీ ఇద్దర్లో ఎవరికీ చెప్పేదాన్ని కాదు."

ముందు లారీలు. హారన్ కొట్టినా కదలవు. పదకొండూ నలభై తొమ్మిది. యాభై మూడు. 'త్వరగా, త్వరగా' అని మోకాళ్ళు కొట్టుకుంటున్నాడు. యాభై ఏడుకి రేవు గేటు కనిపించింది. కారు ఆగకముందే దూకి కంట్రోల్ వ్యాన్ వైపు పరిగెత్తాడు. పెద్దాయన బయట నిలబడి ఉన్నాడు, చేతిలో బటన్ పెట్టె, చూపు చేతి గడియారం మీద.

"నాలుగు వేల నూట డెబ్భై రెండు!" గొంతు చించుకుని అరిచాడు సెవెన్టీన్. "నాలుగు వేల నూట డెబ్భై రెండు!"

రేవు సూపరింటెండెంట్ కాగితాలు తిరగేసి ఆకాశంలోకి చూశాడు. నాలుగు వేల నూట డెబ్భై రెండు చివరి కంటెయినర్. క్రేన్ కొక్కేనికి వేలాడుతూ ఓడ మీదికి పోతోంది.

"దించు! దించెయ్!"

ఓడ సైరన్ మోగింది. క్రేన్ ఒక్క క్షణం అలాగే ఆగి, మూలిగి, వెనక్కి తిరిగింది. కంటెయినర్ నేలకి తగిలేసరికి పన్నెండుకి ఇంకా నాలుగు సెకన్లున్నాయి. పెద్దాయన బటన్ పెట్టె మెల్లగా మూశాడు.

సీలు కోసిచ్చారు. గడియ మాత్రం సెవెన్టీనే తీశాడు. వేసిన చెయ్యే తియ్యాలి కదా. కళ్ళు ధారగా కారుతున్నాయి, అందులో గ్యాస్ ఎంతో అసలువి ఎన్నో అతనికే తెలీదు. లోపలి చీకట్లోంచి గడ్డం పెరిగిన మనిషి, చిక్కి సగమైన మనిషి, తల వంచుకుని బయటికొచ్చాడు. ఎండకి కళ్ళు చికిలించి చూశాడు.

"ఎనిమిది నెలలైంది బావా," అన్నాడు బుల్లోడు. "ఇంకా ఆపలేదా?"

సెవెన్టీన్ వాణ్ణి కావలించుకున్నాడు. పొట్టలో మిగిలిన గ్యాస్ కాస్తా బుస్సుమంది.

ఒంటిగంటకి కంట్రోల్ వ్యాన్‌లోనే డిబ్రీఫ్. కోడ్ వర్డ్ అమ్ముకున్న ఫైళ్ళ గుమస్తా రైల్వే స్టేషన్‌లో దొరికాడని కబురొచ్చింది. టీచర్ మెట్టు మీద కూర్చుని ముత్యాలు విప్పుకుంటోంది. బుల్లోడు వాళ్ళక్క భుజం మీద తల పెట్టుకుని నిద్రపోతున్నాడు. ఆవిడ కదలకుండా, ఒక్క చేత్తోనే టైప్‌రైటర్‌లోకి ఫారం ఎక్కించింది. మొగుడి వైపు చూసింది. ఎనిమిది నెలల తర్వాత అది మనిషిని చూసిన చూపులా ఉంది.

"ఆ గోదాము నుంచి వచ్చిన రోజు ఆ మాట నాకెందుకు చెప్పలేదండీ?" అంది నెమ్మదిగా. "ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్ళం కదా. వేరే వేరే గదుల్లో ఏడ్చాం."

అతను చెయ్యి చాచాడు. ఆవిడ పట్టుకుంది.

పెద్దాయన బయటికి చూస్తూ గొంతు సవరించుకున్నాడు. "రూలు రూలే. తప్పుడు రిపోర్టు. కన్నీళ్ళతో నిర్ణయం. సెవెన్టీన్‌ని ఫీల్డ్ నుంచి తొలగించాలని నిర్ణయించాను. రాసుకోమ్మా పదో కాలమ్‌లో."

ఆవిడ రాసింది. రాసి తలెత్తింది. "పదకొండో కాలమ్ సార్?"

పెద్దాయన కళ్ళజోడు తీసి, జేబురుమాలు కోసం తడుముకుంటున్నాడు. "గ్యాస్... వీడి చొక్కాకి ఇంకా గ్యాస్ వాసన పోలేదు," అన్నాడు ముక్కు చీదుతూ.

"రూల్‌లో కన్నీళ్ళు ఎందుకొచ్చాయని అడగలేదు సార్," అంటూ ఆవిడ ఒక్క చేత్తో 'ఏడుస్తూ' అని టైప్ చేసి, పైన ఉన్న నిర్ణయం మీద అడ్డంగా ఎక్స్‌లు కొట్టుకుంటూ పోయింది.